వంద చదరపు మీటర్ల కప్పు – ఒక గుంత లెక్క

కప్పు మీద పడిన వాననీటిని ఏం చేయాలి? ఈ ప్రశ్నకు మన దేశంలో ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే – ఇంకుడు గుంత. ఈ జవాబును జనంలోకి తీసుకువెళ్లిన రచనల్లో ముఖ్యమైనవి కేంద్ర భూగర్భ జల మండలి ప్రచురణలు. భూగర్భ జలాలను కృత్రిమంగా పెంపొందించడంపై 2000లో ఒక మార్గదర్శిని, 2007లో మరింత వివరమైన కరదీపిక ఆ సంస్థ నుంచి వెలువడ్డాయి. వాటిలోని కొలతలూ చిత్రాలూ పాఠశాలల గోడపత్రికల్లో, పోటీల ప్రాజెక్టు నివేదికల్లో, ప్రచార పత్రాల్లో నేటికీ కనిపిస్తూనే ఉన్నాయి. అంతగా వాడుకలోకి వచ్చిన రచనను ఒకసారి నిలబెట్టి ప్రశ్నించడం అవసరం. ఎందుకంటే దాన్ని నమ్మి తవ్వేది కాగితం మీద కాదు, గోడ పక్కన.

ప్రశ్నించడానికి ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. తోటలో లేదా పెరట్లో ఒక పెద్ద రేకుల షెడ్డు. పొడవు 12.5 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. అంటే కప్పు విస్తీర్ణం సరిగ్గా 100 చదరపు మీటర్లు. అందులో పనిముట్లు ఉండవచ్చు, పశువులు ఉండవచ్చు, ధాన్యం బస్తాలు ఉండవచ్చు. దాని రెండు చూర్ల నుంచి కారే నీటిని ఎటు పంపాలి? మార్గదర్శిని మనకు ఎంతవరకు దారి చూపుతుంది?

మెచ్చుకోవలసినవి

ముందుగా రచనలోని మంచిని చెప్పుకోవాలి. గుంతను నింపే పద్ధతిలో ఇంజనీరు తెలివి ఉంది. అడుగున 5 నుంచి 20 సెంటీమీటర్ల పెద్ద రాళ్లు, మధ్యలో 5 నుంచి 10 మిల్లీమీటర్ల గులకరాళ్లు, పైన 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ముతక ఇసుక. ఇసుకను పైన ఎందుకు వేయాలి? నీటితోపాటు వచ్చే మట్టి, ఒండ్రు ఆ ఇసుక మీదే ఆగిపోతాయి. అప్పుడప్పుడు ఆ పై పొరను గీకి తీసేస్తే చాలు, గుంత మళ్లీ పనిచేస్తుంది. ఇసుక అడుగున ఉంటే మట్టి రాళ్ల మధ్యకు దిగిపోయేది. అప్పుడు గుంత మొత్తాన్ని తోడవలసి వచ్చేది.

తొలి వానల నీటిని గుంతలోకి రానీయకుండా పక్కకు మళ్లించే ఏర్పాటు ఉండాలని చెప్పడం రెండో మంచి. వేసవి అంతా కప్పు మీద చేరిన దుమ్ము, ఆకులు, పక్షుల రెట్ట తొలి జల్లుతోనే కిందికి వస్తాయి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. కాబట్టి మన షెడ్డు మీద తొలి రెండు మిల్లీమీటర్లను వదిలేయాలంటే 200 లీటర్ల పీపా ఒకటి సరిపోతుంది. కప్పు మీదే ఆకులు ఆపడానికి జాలీ, గుంతకు ముందు మట్టి పేరుకునే చిన్న తొట్టి ఉండాలన్న సూచనలూ సరైనవే.

మూడోది, షరతు. ఇంకుడు గుంతలు ఒండ్రు నేలల్లో, నీరింకే పొర నేలమీదే గాని, చాలా తక్కువ లోతులో గాని ఉన్నచోట పనికివస్తాయని మార్గదర్శిని మొదటి వాక్యంలోనే చెబుతుంది. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి. మన విమర్శ దాని చుట్టూనే తిరుగుతుంది.

ఏడాది లెక్కతో గుంత తవ్వలేం

మార్గదర్శినిలో బాగా ప్రచారం పొందిన భాగం ఒక పట్టిక. ఒకవైపు కప్పు విస్తీర్ణం, మరోవైపు ఏడాది వర్షపాతం. రెండూ కలిసేచోట ఏడాదిలో అందే నీరు. పడిన వానలో 80 శాతం చేతికందుతుందని లెక్క. 100 చదరపు మీటర్ల కప్పుకు, 800 మిల్లీమీటర్ల వానకు 64 ఘనపు మీటర్లు వస్తుంది. అంటే 64,000 లీటర్లు. హైదరాబాదులో సగటు వర్షపాతం దాదాపు ఇంతే. ఈ అంకె చూస్తే ఎవరికైనా ఆశ కలుగుతుంది. ఆశ కలిగించడం వరకే దాని పని. అది గుంత కొలత చెప్పదు, గొట్టం కొలత చెప్పదు.

ఎందుకు చెప్పదో చూద్దాం. ఆ 800 మిల్లీమీటర్లు 50 రోజుల్లో సమానంగా పడ్డాయనుకుంటే రోజుకు 16 మిల్లీమీటర్లు. 80 శాతం చొప్పున మన షెడ్డు నుంచి రోజుకు 1,280 లీటర్లు. అయితే పదమూడు వందల లీటర్లు పట్టే గుంత చాలుననిపిస్తుంది. కాని వాన సమానంగా పడదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలు ఊరికే అనలేదు. హైదరాబాదులోనే 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో సుమారు 240 మిల్లీమీటర్ల వాన కురిసింది. ముంబయిలోని శాంతాక్రజ్‌లో 2005 జూలై 26న ఇరవై నాలుగు గంటల్లో 944 మిల్లీమీటర్లు నమోదైంది. కప్పును, గొట్టాన్ని, గుంతను పరీక్షించేది ఏడాది సగటు కాదు. ఆ ఒక్క గంట, ఆ ఒక్క రాత్రి.

ఈ సంగతి ఇంజనీర్లకు కొత్త కాదు. 1851లోనే ఐర్లండు ఇంజనీరు థామస్ మల్వనీ వరద ప్రవాహాన్ని వాన తీవ్రతతో ముడిపెట్టాడు. విస్తీర్ణం, తీవ్రత, పారిపోయే భాగం – ఈ మూడింటిని గుణిస్తే ప్రవాహం వస్తుంది. తీవ్రత అంటే గంటకు ఎన్ని మిల్లీమీటర్ల చొప్పున వాన పడుతోందన్నది. పట్టికలో లేనిది ఈ ఒక్క మాటే. లేనిదీ ముఖ్యమైనదీ ఒకటే కావడం దురదృష్టం.

రాళ్లు మింగే చోటు

ఇక గుంత కొలతలు. 100 చదరపు మీటర్ల కప్పుకు తగినదిగా మార్గదర్శిని చెప్పే గుంత వెడల్పు 1 నుంచి 2 మీటర్లు, లోతు 2 నుంచి 3 మీటర్లు. ఈ మాటల్లో ఎంత తేడా దాగి ఉందో చూడండి. నలుచదరపు గుంత అనుకుందాం. చిన్న కొలత తీసుకుంటే 1 × 1 × 2, అంటే 2 ఘనపు మీటర్లు. పెద్ద కొలత తీసుకుంటే 2 × 2 × 3, అంటే 12 ఘనపు మీటర్లు. ఒకే కప్పుకు ఒకే సలహా. ఫలితంలో ఆరు రెట్ల తేడా! ఏది ఎప్పుడు ఎంచుకోవాలో ఆ వాక్యం చెప్పదు. ఖర్చుకు వెనుకాడే మనిషి ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కరలేదు.

గుంతను రాళ్లతో, కంకరతో, ఇసుకతో నింపుతాం కదా! అప్పుడు నీటికి మిగిలేది వాటి మధ్య ఖాళీలు మాత్రమే. అవి మొత్తంలో సుమారు 35 శాతం అనుకుందాం. పెద్ద గుంతలో నీటికి మిగిలేది 4.2 ఘనపు మీటర్లు. చిన్న గుంతలో 0.7 ఘనపు మీటరు, అంటే 700 లీటర్లు. 12 ఘనపు మీటర్లు తవ్వి 12 ఘనపు మీటర్ల నీరు పడుతుందనుకునే విద్యార్థి ప్రాజెక్టు నివేదికలో పొరపాటు ఇక్కడే పుడుతుంది.

ఇప్పుడు గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. మన వర్షాకాలంలో ఇది అరుదైన సంగతేమీ కాదు. 100 చదరపు మీటర్ల మీద 5,000 లీటర్లు. పెద్ద వానలో రేకు కప్పు పెద్దగా తాగదు. 80 శాతం కాదు, 90 శాతం కిందికి వస్తుందనుకోవడమే క్షేమం. అంటే 4,500 లీటర్లు. చిన్న గుంత పది నిమిషాల్లో నిండిపోతుంది. పెద్ద గుంత ఆ గంటను దాదాపుగా తట్టుకుంటుంది. రెండు గుంతలూ సలహా ప్రకారం తవ్వినవే.

రాళ్లతో నింపడంలో లాభం లేదని కాదు. గుంత గోడలు కూలకుండా రాళ్లు ఆపుతాయి, పిల్లలు, పశువులు అందులో పడకుండా కాపాడుతాయి. కాని చిల్లులున్న సిమెంటు వరలు దించి, పైన గట్టి మూత వేస్తే అదే తవ్వకంలో దాదాపు మూడు రెట్ల నీరు నిలుస్తుంది. ఆ లెక్కను పాఠకుడి ముందు పెట్టి, ఎంపిక అతనికి వదిలేసి ఉంటే బాగుండేది.

నేల చెప్పే మాట

గుంత నీటిని దాచుకోవడానికి మాత్రమే కాదు, ఇంకించడానికి. ఇంకే వేగం కప్పును బట్టి ఉండదు, నేలను బట్టి ఉంటుంది. ఇసుక గరప నేలలో నిలకడగా నీరు ఇంకే వేగం గంటకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు. బంకమట్టిలో 1 నుంచి 5 మిల్లీమీటర్లు మాత్రమే. ఎర్ర చెల్క నేలకూ, నల్లరేగడికీ మధ్య తేడాను రైతు ఒక్క అడుగుతో చెప్పగలడు. పట్టిక చెప్పలేదు.

పెద్ద గుంతనే తీసుకుందాం. అడుగున ఒండ్రు పేరుకుని మూసుకుపోతుంది కనుక, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా నాలుగు గోడలనే చూద్దాం. గోడల మొత్తం విస్తీర్ణం 24 చదరపు మీటర్లు. నీటిమట్టం నిండుగా మొదలై సున్నాకు దిగుతుంది కాబట్టి సగటున సగం, అంటే 12 చదరపు మీటర్లు పనిచేస్తాయనుకోవచ్చు. ఇసుక గరపలో గంటకు 25 మిల్లీమీటర్ల చొప్పున 300 లీటర్లు ఇంకుతాయి. 4,200 లీటర్ల గుంత 14 గంటల్లో ఖాళీ అవుతుంది. సాయంత్రం వాన పడితే మర్నాటికి గుంత సిద్ధం.

అదే గుంత నల్లరేగడిలో? గంటకు 3 మిల్లీమీటర్లనుకుంటే 36 లీటర్లు. గుంత ఖాళీ కావడానికి 117 గంటలు, దాదాపు అయిదు రోజులు. అల్పపీడనం పట్టిందంటే వరుసగా మూడు నాలుగు రోజులు వాన ఆగదు. మొదటిరోజు నిండిన గుంత మిగతా రోజులన్నీ నిండు కుండలా ఉంటుంది. ఆ మూడు రోజుల నీరు ఎటు పోతుంది? గుంత మీదుగా పొంగి, దగ్గరలో ఏది పల్లంగా ఉంటే అటు. చాలాచోట్ల పల్లంగా ఉండేది గోడ మొదలే.

‘ఒండ్రు నేలల్లో, నీరింకే పొర పైననే ఉన్నచోట’ అన్న మార్గదర్శిని షరతుకు విలువ ఇక్కడ తెలుస్తుంది. అయితే పాఠకుడికి తన నేల అటువంటిదో కాదో ఎలా తెలియాలి? గుంత కొలతల పక్కనే ఒక చిన్న పరీక్ష చెప్పి ఉంటే ఆ షరతు ప్రాణం పోసుకునేది. పరీక్ష లేని షరతు సులభంగా జారిపోతుంది. అలాగే జారిపోయింది కూడా. తరువాత దాన్ని చూసి రాసిన ఎన్నో కరపత్రాల్లో, గోడపత్రికల్లో కొలతలు మిగిలాయి, రాళ్ల పొరలు మిగిలాయి. మొదటి వాక్యం మాయమైంది. గోదావరి డెల్టా వంటి చోట్ల ఇబ్బంది మరోరకం. అక్కడ భూగర్భ జలం పైకే ఉంటుంది. మూడు మీటర్లు తవ్వితే అది ఇంకుడు గుంత కాదు, బావి. అందులోకి కప్పు నీటిని వదలడమంటే వడపోత లేకుండా తాగేనీటిలో కలపడమే.

మరో దేశం రాసిన పద్ధతి

పోలిక లేకుండా విమర్శ పూర్తి కాదు. ఇంగ్లండులో బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ అనే సంస్థ 1991లో ఇంకుడు గుంతల రూపకల్పనపై ‘డైజెస్ట్ 365’ అనే చిన్న ప్రచురణ తెచ్చింది. 2016లో దాన్ని సవరించింది. అందులో మొదలు కప్పు కాదు, నేల. గుంత కట్టబోయే చోటే పరీక్ష గొయ్యి తవ్వి నీటితో నింపాలి. నీటిమట్టం మూడు వంతుల ఎత్తు నుంచి పావువంతుకు దిగడానికి పట్టిన కాలాన్ని కొలవాలి. ఇలా మూడుసార్లు చేయాలి. మూడింటిలో మందకొడిగా వచ్చిన ఫలితాన్నే లెక్కకు తీసుకోవాలి. అడుగు మూసుకుపోతుంది కనుక దాన్ని లెక్కించరాదు. చివరకు నిండిన గుంత 24 గంటల్లో కనీసం సగం ఖాళీ కావాలి, లేకుంటే ఆ రూపకల్పన పనికిరాదు. ఇటువంటి గుంతలు భవనానికి 5 మీటర్ల లోపు ఉండరాదని అక్కడి భవన నిర్మాణ మార్గదర్శకాలు చెబుతాయి.

ఈ కొలబద్దతో మన పెద్ద గుంతను తూచండి. ఇసుక గరపలో 7 గంటల్లో సగం ఖాళీ అవుతుంది, నెగ్గింది. నల్లరేగడిలో సగం కావడానికి 58 గంటలు పడుతుంది, ఓడింది.

అలాగని ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోమని కాదు. అక్కడి వాన సన్నగా ఎక్కువ రోజులు పడుతుంది, ఇక్కడిది కొద్ది రోజుల్లో కుండపోతగా కురుస్తుంది. వాళ్ల పరీక్ష గొయ్యిని మూడుసార్లు నింపాలంటే వేలకొద్దీ లీటర్లు కావాలి. వేసవిలో తాగడానికే నీరు కరువైన ఊళ్లో ఆ పని ఎవరు చేస్తారు? మరో చిక్కు ఉంది. వేసవిలో నల్లరేగడి నేల బీటలు వారుతుంది. అప్పుడు పోసిన నీటిని బీటలు గటగటా తాగేస్తాయి, నేల మంచిదనిపిస్తుంది. రెండు వానలు పడి బీటలు మూసుకున్నాక అసలు స్వభావం బయటపడుతుంది. కనుక మన పరీక్ష చిన్న గొయ్యిలో, నేల బాగా నానిన తరువాత జరగాలి. ఇంగ్లండు నుంచి తీసుకోవలసినది కొలతలు కాదు, క్రమం. ముందు నేల, తరువాత గుంత.

చూరు నుంచి గుంత దాకా

గుంత ఎంత గొప్పదైనా నీరు దాకా రావాలి కదా! విచిత్రమేమంటే ఈ విషయంలో మన దేశపు పుస్తకమే మార్గదర్శినికి మంచి సవరణ ఇస్తుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళిలో కప్పు గొట్టాల పట్టిక ఒకటి ఉంది. అది ఏడాది వర్షపాతాన్ని కాదు, గంటకు పడే వానను బట్టి నడుస్తుంది. గంటకు 100 మిల్లీమీటర్ల తీవ్రత ఉన్నప్పుడు 100 మిల్లీమీటర్ల గొట్టం ఒకటి సుమారు 43 చదరపు మీటర్ల కప్పుకు సరిపోతుంది.

మన షెడ్డుకు రెండు వాలులు. ఒక్కో వాలు 50 చదరపు మీటర్లు. 43 కంటే 50 ఎక్కువ. అంటే ఒక్కో చూరుకు ఒక్కో గొట్టం పెడితే పెద్దవానలో దోనె పొంగి నీరు గోడ మీదుగా కారుతుంది. చూరుకు రెండేసి గొట్టాలు కావాలి. రెండు చూర్ల నీటినీ కలిపి ఒకే గొట్టంలో గుంతకు పంపితే, గంటకు 100 మిల్లీమీటర్ల వానలో సెకనుకు దాదాపు రెండున్నర లీటర్లకు పైగా ప్రవాహం వస్తుంది. అంత నీరు ఇసుక పొర మీద ఒకేచోట పడితే ఇసుక చెదిరి, గొయ్యి పడి, మట్టి లోపలికి దిగుతుంది. నీరు పడేచోట చదునైన బండ ఒకటి పరిస్తే ఈ బాధ తప్పుతుంది. ఇంత చిన్న సంగతి మీద ఇసుక పొర ఆయుష్షు ఆధారపడి ఉంది.

పునాది మాట

షెడ్డు తేలిక కట్టడం. దానికి పునాది లోతు తక్కువ, బరువూ తక్కువ. నల్లరేగడిలోని మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. రెండంతస్తుల ఇల్లు తన బరువుతో ఆ ఉబ్బును కొంత అణచిపెడుతుంది. తేలికపాటి షెడ్డుకు ఆ శక్తి లేదు. ఒక మూల దగ్గర గుంత తవ్వి నీరు నింపితే ఆ మూల నేల ఉబ్బుతుంది, ఎదుటి మూల పొడిగా ఉంటుంది. గోడలో ఏటవాలు పగులు వస్తుంది, తలుపు బిగుసుకుంటుంది. జనం దానికి మేస్త్రీని తిడతారు. తప్పు మేస్త్రీది కాకపోవచ్చు, గుంత ఉన్న చోటుది కావచ్చు.

ప్రచారంలో ఉన్న చిత్రాలలో ఇల్లు, గొట్టం, గుంత మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. కాగితంలో పట్టడానికి అలా గీస్తారు. కాని చిత్రాన్ని చూసి తవ్వేవాడికి అది కొలతలా కనిపిస్తుంది. చిత్రంలో ఒక బాణం గుర్తు గీసి, గోడ నుంచి కనీసం ఇంత దూరం అని రాసి ఉంటే ఎన్ని గోడలకు మేలు జరిగేదో!

గుంత లేకపోయినా బాధ తప్పదు. దోనె లేని చూరు నుంచి కారే నీరు ఒకే గీతలో పడి నేలను తవ్వుతుంది, బురదను గోడ మీదికి చిమ్ముతుంది. పాత ఇళ్లలో చూరు కింద బండలు పరిచి, బయటివైపు వాలు పెట్టేవారు. పునాదిని కాపాడే ఆ చిన్న వాలు అరుగు ఇప్పటికీ అన్నిటికంటే చవకైన రక్షణ.

పొంగే నీటికి దారి

2000 ఆగస్టు 24 నాటి వానను మన షెడ్డు మీద కురిపించి చూద్దాం. 240 మిల్లీమీటర్లలో 90 శాతం, అంటే 21,600 లీటర్లు. మంచి నేలలోని పెద్ద గుంత 4,200 లీటర్లు దాచుకుంటుంది, 24 గంటల్లో 7,200 లీటర్లు ఇంకిస్తుంది. మొత్తం 11,400. మిగిలిన పదివేల లీటర్లకు పైగా నీరు ఏం కావాలి? ఏ గుంతా ప్రతి వానను మింగలేదు, మింగేలా కట్టడం వృథా ఖర్చు కూడా. కాబట్టి పొంగిన నీటికి ముందే దారి గీయాలి. గుంత అంచు షెడ్డు నేల మట్టం కంటే కిందికి ఉండాలి, పొంగే నీరు గోడకు దూరంగా పారాలి, పొరుగువారి ప్రహరీ మీదికి పోకూడదు. మార్గదర్శిని అంతటా తొలి వాన గురించి చూపిన శ్రద్ధను మలి వాన విషయంలో పాఠకుడే చూపవలసి ఉంది.

తోట ఉన్నచోట గుంతే ఎందుకు?

భూగర్భ జల మండలి ప్రతి కప్పునూ భూగర్భ జలాల దృష్టితో చూడడం సహజం. నగరంలో నాలుగు వైపులా సిమెంటు పరిచిన ఇంటికి లోతైన గుంత తప్ప వేరే దారి ఉండదు. కాని మన షెడ్డు తోటలో ఉంది. అక్కడ నేలే పెద్ద ఆస్తి.

రెండు ప్రత్యామ్నాయాలు లెక్కవేద్దాం. మొదటిది కందకం. మార్గదర్శిని దీన్ని 200 నుంచి 300 చదరపు మీటర్ల కప్పులకు కేటాయించింది. మన షెడ్డుకు దూరంగా, దాని పొడవునా 12 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతుతో కందకం తవ్వితే తవ్వకం 7.2 ఘనపు మీటర్లు. గోడల విస్తీర్ణం 25.2 చదరపు మీటర్లు, అందులో సగం 12.6. అంటే 12 ఘనపు మీటర్ల గుంతకు ఉన్నంత ఇంకే గోడ, దానిలో 60 శాతం తవ్వకంతోనే దొరుకుతుంది. నీరు నిలిచే చోటు తక్కువే, 2.5 ఘనపు మీటర్లు. కాని లోతు ఒక మీటరే కనుక తవ్వేవారి మీద మట్టి విరిగిపడే ప్రమాదం తక్కువ, భూగర్భ జలానికీ దూరం ఎక్కువ. ఆకారాన్ని కప్పు విస్తీర్ణంతో ముడిపెట్టడం వల్ల చిన్న కప్పుల వారికి ఈ ఎంపిక కనిపించకుండా పోయింది.

రెండోది ఇంకా తేలిక. 30 చదరపు మీటర్ల తోట మడిని 15 సెంటీమీటర్ల లోతున, చుట్టూ గట్టు ఉండేలా చేస్తే 4,500 లీటర్లు పడుతుంది. 50 మిల్లీమీటర్ల వాన మొత్తం అందులో ఇమిడిపోతుంది. ఇసుక గరపలో అది 6 గంటల్లో, నల్లరేగడిలో 50 గంటల్లో ఇంకుతుంది. లోతైన గుంతకు నల్లరేగడిలో 117 గంటలు పట్టిందని గుర్తు చేసుకోండి. దోమ గుడ్డు నుంచి రెక్కల దోమగా మారడానికి సుమారు వారం కావాలి. రెండు రోజుల్లో ఆరిపోయే మడిలో ఆ భయం లేదు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో 1990ల తొలినాళ్లలో ఇటువంటి మడులను ఇళ్ల ముందు కట్టి ‘వాన తోటలు’ అన్నారు. పేరు కొత్తది గాని భావం మనకు కొత్తది కాదు. స్నానాల నీటిని, చూరు నీటిని అరటిపాదుకూ కొబ్బరిపాదుకూ మళ్లించిన పెరళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు! మడిలో ఇంకిన నీటిలో కొంత చెట్లు తాగుతాయి, కొంత ఆవిరవుతుంది, మిగిలినదే లోతుకు పోతుంది. భూగర్భ జలాల లెక్కలో ఇది లోటు. తోట లెక్కలో లాభం.

ఒక హెచ్చరిక మాత్రం రెండింటికీ వర్తిస్తుంది. షెడ్డులో పురుగుమందులు, ఎరువులు నిలవ చేసినా, పశువులు కట్టినా, లోపలి నేల కడిగిన నీటిని కప్పు నీటితో కలిపి గుంతలోకి వదలరాదు. గుంత అంటే బావికి దగ్గర దారి అని మరచిపోకూడదు.

మీరే పరీక్షించండి

పాఠశాల ఆవరణలో గాని, పెరట్లో గాని ఈ ప్రయోగం చేయవచ్చు. 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు ఉన్న గొయ్యి తవ్వండి. వర్షాకాలంలో చేస్తే మంచిది. నిండా 27 లీటర్ల నీరు పడుతుంది. మొదట నింపిన నీటిని లెక్కించకండి, అది నేలను నానబెట్టడానికి. అది ఇంకాక మళ్లీ నింపి, లోపల నిలబెట్టిన స్కేలు మీద ప్రతి పది నిమిషాలకు మట్టం రాసుకోండి. మరో రెండుసార్లు ఇలాగే చేయండి. మూడింటిలో మందకొడి ఫలితాన్నే తీసుకోండి. ఊళ్లోని ఎర్రనేలలో ఒక జట్టు, నల్లనేలలో ఒక జట్టు ఈ పని చేసి గ్రాఫులు పక్కపక్కన పెడితే పట్టిక చెప్పని సంగతి కంటికి కనిపిస్తుంది. ఈ గొయ్యిలో నీరు అడుగు నుంచీ గోడల నుంచీ కూడా పోతుంది కనుక మట్టం పడే వేగమూ నేల ఇంకింపు వేగమూ ఒకటి కావని గుర్తుంచుకోండి. నేలను నేలతో పోల్చడానికి ఇది చాలు. పరీక్ష అయ్యాక గొయ్యి పూడ్చడం మరవకండి.

మొత్తం మీద

ఆంధ్రప్రదేశ్‌లో 2000లో ‘నీరు – మీరు’ కార్యక్రమం మొదలైంది, 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. 2003లో తమిళనాడు కప్పు నీటి సేకరణను తప్పనిసరి చేసింది. చట్టం గుంత ఉందా అని అడుగుతుంది, తనిఖీకి వచ్చినవారు గుంత ఉందా అని చూస్తారు. అందులో నీరు ఇంకుతోందా అని అడిగేవారు తక్కువ. ఆ ప్రశ్నను పాఠకుడి చేతికి ఇవ్వవలసినది మార్గదర్శి గ్రంథాలే.

కేంద్ర భూగర్భ జల మండలి రచన చెడ్డది కాదు. వడపోత పొరల విషయంలో, తొలి వాన విషయంలో అది చెప్పినది నేటికీ ఆచరణీయం. దాని లోపం అంకెల ఎంపికలో ఉంది. ఏడాది వాన ఇచ్చి గంట వానను వదిలేసింది. కప్పు కొలిచి నేలను కొలవలేదు. గుంత లోతు చెప్పి గోడకు దూరం, పొంగే నీటికి దారి గుంత పక్కన గీయలేదు. ముందుమాటగా పెట్టిన షరతు మంచిదే. కాని దాన్ని వాడే పనిముట్టును పాఠకుడికి ఇవ్వలేదు. తిరిగి ముద్రించేటప్పుడు ఆ పట్టిక పక్కన మూడు వరుసలు చేర్చితే చాలు. మీ ఊళ్లో గంటలో పడే పెద్దవాన ఎంత? మీ గొయ్యిలో నీటిమట్టం గంటకు ఎంత దిగింది? గుంత నిండాక నీరు ఎటు పోతుంది? ఈ మూడింటికి జవాబు రాయగలిగినవారికి గుంత కొలతలు ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. రాయలేనివారు ఏ కొలతలతో తవ్వినా అది గుంత అవుతుంది గాని ఇంకుడు గుంత కాదు.